గురూజీ చెప్పిన దారి

“ఈ బీరువా ఎవరు కదిపిన్రు?” చక్రధరరావు టిఫిన్ ప్లేటు వదిలేసి లేచాడు.

“నేనే బావా. కొంచెం గాలొస్తదని కిటికీ కాణ్ణుంచి ఇవతలికి జరిపిన,” అన్నాడు కిషోర్. అక్కను చూడ్డానికి నిన్ననే భద్రాచలం నుంచి సరిహద్దు అవతలున్న కొంటాకు వచ్చాడు.

చక్రధరరావు బీరువాను భుజంతో తోసి మళ్ళీ కిటికీకి అడ్డం పెట్టాడు. గది చీకటైపోయింది. పట్టపగలు లైటు వేసుకుని ఇడ్లీ తినే ఇల్లు ఊరు మొత్తంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

“చూసినవా? ఆ కిటికీలోంచి ‘చీ’ పోతదంట. చైనావాళ్ళ ప్రాణశక్తి,” అంది దుర్గాభవాని తమ్ముడితో. “నాలుగు గోడల మధ్య నా ప్రాణం పోతున్నా ఫరవాలేదు గానీ, అది మాత్రం పోకూడదు.”

చక్రధరరావు రోడ్ల కాంట్రాక్టరు. ఇంజనీరింగ్ డిప్లొమా చదివినవాడు. చింతలనార్ వైపు రోడ్డు పని ఒప్పుకున్నప్పటి నుంచే ఈ ఫెంగ్ షుయ్ అనే చైనా వాస్తు పిచ్చి పట్టుకుంది. అంతకుముందు ఆ పని చేసినాయన, అడవిలో అన్నలు మిషన్లు తగలబెడితే, సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. తనకూ అదే గతి పట్టకూడదని కాబోలు, ఈయన రాయ్‌పూర్‌లో ఎవరో గురూజీని వెతికి పట్టుకున్నాడు. ఇక ఆ గురూజీ ఏమన్నా గంగిరెద్దులా తలాడించడమే పని.

గుమ్మం పక్కనున్న నేమ్ బోర్డు పీకించాడు. పేరు వీధిన పడితే అదృష్టం కూడా వీధిన పడుతుందట. గుమ్మం పైన ఒక ఉబ్బెత్తు అద్దం పెట్టించాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా అందులో కనిపిస్తుంది. వచ్చే దుష్టశక్తి తన మొహం చూసుకుని తనే జడుసుకుని పోతుందని ఆయన లెక్క. పెరటి తలుపుకు ఇత్తడి గొట్టాల గంటలు కట్టాడు. పిల్లి తగిలి అవి మోగితే చాలు, ఇంటాయన మంచం మీంచి ఎగిరి లేస్తాడు. బంగారం లాంటి తెల్ల బొలెరోను అచ్చిరాలేదని అమ్మేశాడు.

వీటన్నిటికంటే ప్రయాణమే పెద్ద తమాషా. పొద్దున లేవగానే పెరట్లోకి పోయి, ఫోన్లో గురూజీతో గుసగుసలాడి, ఆ రోజు దిక్కు తెలుసుకోవాలి. ఒకరోజు తెల్లారకముందే పెద్దరోడ్డు. ఇంకో రోజు ఎండ నెత్తికెక్కాక పల్లెల మధ్య బండ్ల బాట. దిక్కు బాగా లేకపోతే కూలీలు అక్కడ ఎదురుచూస్తుంటే ఈయన ఇంట్లో కూర్చుంటాడు. బజార్లో కూరగాయలమ్మేవాళ్ళు కూడా, “సాబ్ ఇవాళ ఏ దిక్కు?” అని నవ్వడం మొదలుపెట్టారు.

“చైనావాళ్ళు కూడా ఇంత చెయ్యరు బావా!” అన్నాడు కిషోర్.

“నీకు తెల్వదు, ఊకో.”

“చెప్తే తెలుసుకుంట.”

చక్రధరరావు భార్య వైపు చూశాడు. “నమ్మకం. అంతే.”

“మీ నమ్మకం సరే, నా సంగతేంది?” అంది దుర్గాభవాని. “నన్ను గుమ్మంలో నిలబడనియ్యరు. పెళ్ళికి పిలిస్తే పోనియ్యరు. నేను ఈ గురూజీతో కాపురం చెయ్యలేను. ఇగో, బ్యాగు సర్దుకున్న. ఇవాళ ఎవర్నీ అడక్కుండ, అందరి లెక్క పెద్దరోడ్డు మీద పనికి పోండి. పోతే నేనుంట. లేకపోతే తమ్ముడితో బస్సెక్కి పోత. మళ్ళ రాను.”

“ఒక్క వారం ఆగు, భవానీ.”

“వారం పోయినంక మీ గురూజీ ఇంకో వారం అంటడు.”

చక్రధరరావు జేబు తడుముకున్నాడు. “నా ఫోనేది?”

“దానికీ దిక్కు కుదరలేదేమో బావా,” అన్నాడు కిషోర్. ఫోను అతని దిండు కిందే ఉంది. అక్కాతమ్ముళ్ళు మొహాలు చూసుకుని నవ్వు ఆపుకున్నారు.

చక్రధరరావు ఇల్లంతా వెతికి, సర్దిన బ్యాగు దగ్గర ఆగాడు. దాన్ని ఎత్తి లోపలి గదిలో పెట్టి వచ్చాడు.

“నువ్వు పోకు. నేనే పోత,” అన్నాడు. “నేను పోయినంక తలుపేసుకో.”

బైకు సందు చివర పెద్దరోడ్డు వైపే తిరిగింది. కిషోర్ ఈల వేశాడు. దుర్గాభవానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళకో మొగుడు గురూజీ మాట కాదని తన మాట విన్నాడు. సాయంత్రానికి ఆయనకిష్టమైన చేపల పులుసు చెయ్యాలనుకుంది. ఇద్దరూ కలిసి బీరువా పక్కకు జరిపి, కిటికీ బార్లా తెరిచి, ఆ వెలుతురులో కూర్చుని టీ తాగారు.

దిండు కింద ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. స్క్రీను మీద ‘గురూజీ’ అని ఉంది.

“ఎత్తకురా,” అంది దుర్గాభవాని.

“ఎత్తి నాలుగు తగిలిస్తే గానీ వదలడక్కా.” కిషోర్ స్పీకర్ ఆన్ చేశాడు.

“రావు గారూ, ఎన్నిసార్లు చెయ్యాలి మీకు?” హిందీ యాసతో తెలుగు. “ఇవాళ బయటికి పోవద్దు.”

“రావు గారు లేరు. పనికి పోయిండు.”

“ఏ దారిన?”

“పెద్దరోడ్డునే. మీ పర్మిషన్ లేకుండ!”

“ఎంతసేపైంది?”

“మీ దుష్టశక్తులకు అందనంత దూరం పోయుంటడు లే. ఏం గురూజీ, చదువుకున్నోళ్ళను ఇట్ల భయపెట్టి బతకనీకి సిగ్గు లేదా? ఇంకోసారి ఫోన్ చేస్తే పోలీసులకు చెప్త!”

అవతల బండి తియ్యమని ఎవరి మీదో “గాడీ నికాలో, జల్దీ!” అని అరుపు వినిపించింది. ఆ తర్వాత ఆ గొంతు మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

“పోలీసులమే మాట్లాడుతున్నాం.”