పెంకు రాని గుడ్లు

"ఇవి నాటుగుడ్లేనా, వదినగారూ?"

శివపార్వతి స్టీలు గిన్నెని పెరటి గోడమీద ఠక్కుమని పెట్టింది. గిన్నెలో ఉడికించిన గుడ్లు. పెంకుతోపాటు తెల్లసొన కూడా ముక్కలుముక్కలుగా ఊడిపోయి, ఎలకలు కొరికినట్టున్నాయి.

కోళ్ళకి నూకలు చల్లుతున్న రాజ్యలక్ష్మి చెయ్యి ఆగింది.

"నిన్న నేనిచ్చినవేగా. నాటువే."

"పెంకు ఒలిచేసరికి నా గోళ్ళు అరిగిపోయాయి. మా అక్షయ వీటిని చూసి మొహం తిప్పేసుకుంది. టైఫాయిడ్ వచ్చి లేచిన పిల్లండీ! గుడ్డు పెట్టమని డాక్టరుగారు చెప్పబట్టి మీ దగ్గరికొచ్చా. లేకపోతే కిరాణాకొట్లో దొరకవా?"

"పెంకు రాకపోతే కోడి తప్పా?"

"ఒక్క పెంకేనా? నాటుగుడ్డంటే ఎర్రగా ఉండాలి. ఇవేమో పాలిపోయి ఉన్నాయి. పచ్చసొన చూడండి, రంగే లేదు. పోనీ ఆమ్లెట్ వేద్దామని ఒకటి కొడితే అందులో నెత్తుటి చుక్క! పిల్ల పడిన గుడ్డు నా కూతురికి పెడతారా?"

భవానీపురంలో ఆ వీధి ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పక్క మేడమీద బట్టలారేస్తున్న కృప, తడిచీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

రాజ్యలక్ష్మి ఎవరేమన్నా నవ్వేసే మనిషి. "పోనీలేమ్మా, ఇంకో రెండు పట్టుకెళ్ళు" అనడం ఆమెకి అలవాటు. ఇవాళ ఆ మాట నోటికి రాలేదు.

"ఏమన్నావు? మళ్ళీ అను."

"ఫారం గుడ్లు అంటగట్టారంటున్నా. నమ్మకం కుదిరేదాకా మంచివిచ్చారు, ఇప్పుడు అసలు రంగు బయటపెట్టారు. ఫొటో తీసి ఉంచా, కాలనీ గ్రూపులో పెట్టేస్తా. వీధి వీధంతా మీ దగ్గరే కొంటోంది, వాళ్ళకీ తెలియాలి."

"పెట్టు. ఇప్పుడే పెట్టు!" రాజ్యలక్ష్మి గొంతు పెంచింది. "నిన్న పొద్దున ఈ గోడ దగ్గరే నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. పిల్ల చిక్కి సగమైంది, ఏమీ తినట్లేదన్నావు. నా కడుపు తరుక్కుపోయింది. ఆ గూట్లో చెయ్యిపెట్టి, అప్పుడే పెట్టినవి, మట్టి కూడా తుడవకుండా తీసి నీ చేతిలో పెట్టాను. అవి ఫారం గుడ్లా?"

"మరి పెంకెందుకు రాదండీ?"

"అప్పుడే పెట్టింది కాబట్టే రాదు! తాజా గుడ్డుకి సొన పెంకునంటుకుని ఉంటుంది. నిలవుంటేనే సుళువుగా ఊడొచ్చేది."

"అంటే ఇన్నాళ్ళూ మాకిచ్చినవి నిలవ గుడ్లా?"

"నిలవవే! శుభ్రంగా ఒలుచుకున్నారుగా, శుభ్రంగా తిన్నారుగా!"

శివపార్వతి ఏదో అనబోయింది. రాజ్యలక్ష్మి అననివ్వలేదు.

"గుడ్డు రంగు కోడిని బట్టి ఉంటుంది. పచ్చసొన రంగు తిండిని బట్టి. వారం నుంచి ముసురు. కోళ్ళు గడ్డి మొహం చూళ్ళేదు, నూకలే తిన్నాయి. నెత్తుటి చుక్కంటావా, గుడ్డు తయారయ్యేటప్పుడు కోడి లోపల సన్నటి నరం చిట్లితే పడుతుంది. అందులో పిల్లా లేదు, గిల్లా లేదు. చేతిలో ఫోనుందిగా, ఫొటోలు తీయడానికేనా అది? వెతుక్కో!"

గిన్నెలోనే ఓ పక్కన, నిన్నటివాటిలో ఉడికించకుండా మిగిలిన పచ్చిగుడ్డొకటి ఉంది. రాజ్యలక్ష్మి దాన్ని తీసుకుని నీళ్ళ బకెట్లో వదిలింది. గుడ్డు నేరుగా అడుక్కి వెళ్ళి, పక్కకి ఒరిగి పడుకుంది.

"చూడు. పాతదైతే నిలబడుతుంది. మరీ పాతదైతే తేలుతుంది. చూశావా? కళ్ళు తెరిచి చూడు!"

శివపార్వతి బకెట్లోకి చూసింది. తర్వాత ఫోన్లోకి చూసింది. చాలాసేపు వేలితో పైకీ కిందికీ జరిపింది. ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"నిజమేనండోయ్... ఇందులోనూ అలాగే రాశారు. పిల్ల తినలేదన్న బాధలో ఏదో నోరుజారాను."

"నోరుజారావా? నన్ను దొంగన్నావు."

పైనుంచి కృప కల్పించుకుంది.

"పోన్లెండి పిన్నిగారూ, పొరపాటు పడింది. మీ గుడ్ల సంగతి ఈ వీధిలో ఎవరికి తెలీదు!"

శివపార్వతి ఫొటో తీసేసినట్టు ఫోను తిప్పి చూపించింది. గిన్నె అందుకుని రెండడుగులు వేసి ఆగింది.

"ఏమనుకోకండి వదినగారూ. ఇవి మంచివే, ఒప్పుకున్నా. కానీ మా పిల్ల వీటిని ముట్టదు. రేపట్నుంచి ఎప్పుడూ ఇచ్చేవే ఇవ్వండి. ఆ ఎర్రవి."

రాజ్యలక్ష్మి ఆమెవంక ఒక్కక్షణం చూసింది. చేతిలో ఉన్న నూకల చాటని నేలకేసి కొట్టింది. కోళ్ళు చెదిరిపోయి గోడెక్కాయి.

"ఇస్తా. అవే ఇస్తా. వెళ్ళు!"

శివపార్వతి వేసిన పెరటి గేటు చప్పుడు విని రాజ్యలక్ష్మి భర్త వెంకటసుబ్బారావు గుమ్మంలోకి వచ్చాడు. ఇంతసేపూ లోపల కూర్చుని అంతా విన్నాడు.

"ఎందుకే అంత కోపం? నిన్నెప్పుడూ ఇలా చూళ్ళేదు."

రాజ్యలక్ష్మి కింద కూర్చుని, మట్టిలో కలిసిన నూకల్ని దోసిట్లోకి ఎత్తుతోంది.

"నిజమండీ నేను చెప్పింది. ప్రతి ముక్కా నిజం. నిజం చెప్పినా నమ్మకపోతే ఒళ్ళు మండదా?"

వెంకటసుబ్బారావు వంగి, బోర్లాపడిన చాటని తీసి ఆమె ముందు పెట్టాడు.

ఇన్నేళ్ళలో ఆమె తన కోళ్ళు పెట్టిన గుడ్లు అమ్మింది నిన్న ఒక్కరోజే.