మేక మెడలో జాడపట్టీ

పుట్టిన ప్రతి బిడ్డ చేతికీ ఎక్కడున్నారో చెప్పే జాడపట్టీని సర్కారు కట్టడం మొదలయ్యాక, జిల్లాలో తప్పిపోయిన పిల్లలు సున్నా అని తేలింది. ఇంకేం, ముప్పై ఏళ్లుగా పిల్లల్ని వెతికిపెట్టిన ‘గూడు’ సంస్థకు ఈరోజు సన్మానం, రేపటి నుంచి తాళం.

గూడు తరఫున సన్మానానికి వెళ్లాల్సిన సువార్తమ్మ మాత్రం బెజవాడ స్టేషన్లోని గూడు గదిలో ఓ తొమ్మిదేళ్ల పిల్లకు పెరుగన్నం తినిపిస్తోంది. అన్నం తిన్నాకే పేరు అడగాలన్నది గూడు పద్ధతి.

“మల్లీశ్వరి. మాది ఆదోని,” అంది పిల్ల చివరి ముద్ద మింగి. “ఒకాయన నా పట్టీ కోసి మా మేక మెడకు కట్టి, నన్ను రైల్లో పిల్చుకొచ్చినాడు. ఈడ తప్పించుకున్యా.”

సువార్తమ్మ ఆ వివరాలు, పట్టీల జాడ చూసి కేసులు రాసుకునే సర్కారు మిషన్‌కు చెప్పింది.

“మల్లీశ్వరి ఇంటి దగ్గర క్షేమంగా ఉంది. ఈరోజు నడక కూడా పెరిగింది. కేసు నమోదు కాదు,” అంది మిషన్. నాలుగుసార్లు చెప్పినా అదే పాట. కేసు లేనిదే పోలీసు రాడు. ఆ మనిషేమో ఇంకా ప్లాట్‌ఫాం మీదే తిరుగుతున్నాడు.

“పిల్ల నా ఎదురుగా ఉంటే ఇంట్లో ఉందంటావేంటే మొద్దూ!” అని మిషన్ నెత్తిన ఒక్కటిచ్చింది సువార్తమ్మ.

ఇంతలో సన్మాన సభ నుంచి ఫోన్. “అక్కా, శాలువా కప్పడానికి పిలుస్తున్నారు, రా!”

“ఆ మిషన్‌కే కప్పమను!” అని పెట్టేసి, తలుపు గడియ వేసి, పిల్ల చెప్పిన నంబరుకు తానే ఫోన్ చేసింది.

“మీ పాప నా దగ్గరుందమ్మా.”

అవతల తల్లి భోరుమంది. “నాలుగు దినాలాయ తల్లీ! యాడికి పోయి అడిగినా మా మేకనే చూపిస్తాండారు!”