అట్ట మీది చిరునామా

"మీ దగ్గర చదివిన ఒకావిడ అడ్రస్ కావాలండీ."

కౌంటర్ అవతల నిలబడ్డ మనిషి మెల్లగా అడిగింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, భుజానికి సంచి, నిద్ర చాలని కళ్లు.

యూనివర్సిటీ రికార్డు సెక్షన్లో కొత్తగా చేరిన అసిస్టెంట్ తలెత్తాడు.

"మీరు ఆవిడకు ఏమవుతారు?"

"బాగా కావలసినదాన్ని."

"కుదరదండీ. ఆవిడే రావాలి. లేదా ఆవిడ సంతకంతో ఉత్తరమైనా తేవాలి."

"పేరు, కోర్సు, చదివిన సంవత్సరం అన్నీ చెప్తాను. పట్టా పోస్టులో పంపమని ఈమధ్యే మీకు కొత్త అడ్రస్ కూడా రాసింది."

"ఎన్ని తెలిసినా ఇవ్వనండీ."

కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు సరికదా, ఆవిడ మొహం కాస్త తేటపడింది.

పని కానందుకు ఇలా తేటపడే మొహాన్ని అతను ఆ కౌంటర్ దగ్గర ఇంతవరకూ చూడలేదు.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ అమ్మాయి తల్లికి ఒంట్లో బాగాలేదంది.

ఆ మర్నాడు ఇంకో కథ. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందట, వెంటనే కబురు అందకపోతే చెయ్యిజారిపోతుందట.

"ఆ కబురేదో కవర్లో పెట్టి నాకివ్వండి. మేమే ఆవిడకు చేరుస్తాం. అడ్రస్ మాత్రం మీ కంటపడదు."

"గట్టివారే మీరు," అంది. మెచ్చుకుంటోందో దెప్పుతోందో అతనికి అంతుపట్టలేదు.

వెనక కుర్చీలో సూపరింటెండెంట్ మేడం అన్నీ వింటూనే ఉంది. సెక్షన్లో అందరికీ పెద్దక్కలాంటిది. ఎదుటివాళ్ల కళ్లలో నీళ్లు తిరిగితే చాలు, ముందు ఆవిడ ముక్కే ఎర్రబడుతుంది.

పని తొందరగా తెమలాలని, ప్రతి విద్యార్థి అడ్రస్సూ ఫైలు అట్ట మీదే లావుపాటి స్కెచ్ పెన్నుతో రాయించే పద్ధతి ఆవిడ పెట్టిందే. అడ్రస్ మారితే పాతది కొట్టేసి, కిందే కొత్తది.

"ఏం గుండె నాయనా నీది! పాపం, రోజూ కాళ్లరిగేలా తిరుగుతోంది."

"ఎవరు ఎందుకు అడుగుతున్నారో మనకేం తెలుసు మేడం?"

"నీకు తెలీదేమో. ఇన్నేళ్ల సర్వీసు నాది. బీరువా తాళాలిలా ఇవ్వు."

"వద్దు మేడం. నా మాట వినండి."

"అలాగే. నీ ప్రొబేషన్ రిపోర్టులో ఏం రాయాలో కూడా నువ్వే చెప్పు, వింటాను."

నవ్వుతూనే అంది. కానీ ఆ రిపోర్టు బాగుంటేనే అతని ఉద్యోగం ఖాయమయ్యేది. వాళ్లింట్లో నెలజీతం ఎరిగిన మొదటి మనిషి అతనే.

తాళాలు ఇచ్చేశాడు.

మేడం ఫైలు బయటికి లాగింది. తెరవనైనా లేదు. అట్ట చూసి, చీటీ మీద గబగబా రాసి, కౌంటర్ అవతల నిలబడ్డ ఆవిడ చేతిలో పెట్టింది.

చీటీ చదువుకుంటుంటే ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది.

"ఎవరడిగినా ఇస్తారా అండీ?"

"భలేదానివే. నీలాంటివాళ్లకే ఇస్తాం."

"నాలాంటివాళ్లని ఎలా కనిపెడతారు?"

"మొహం చూస్తే తెలియదూ?"

ఆవిడ చీటీని మడిచి సంచిలో వేసుకుని, అసిస్టెంట్ వైపు తిరిగింది.

"ఆ తాళాలు ఇవ్వకుండా ఉండాల్సింది మీరు."

మెట్లు దిగి వెళ్లిపోయింది.

"చూశావా? ఒక్క మంచి మాటైనా లేదు. పనైపోయాక అంతే మనుషులు," మేడం నొచ్చుకుంది.

అసిస్టెంట్‌కు మాత్రం ఆ ముఖమే కళ్లలో మెదిలింది. ఇవ్వనన్న రోజు తేటపడ్డ మనిషి, ఇచ్చిన రోజు అలా వాడిపోవడమేమిటి? రెండు మూడుసార్లు బీరువా దాకా వెళ్లి, ఆ ఫైలు తీసి చూడటానికి తనకు మాత్రం ఏం హక్కుందని వెనక్కి వచ్చాడు.

తర్వాతి వారం, అతను భోంచేసి వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన కళ్లు తుడుచుకుంటూ ఎదురయ్యాడు.

మేడం ముక్కు ఎర్రగా ఉంది.

"ఎవరు మేడం?"

"మొన్న ఎవరి అడ్రస్ అడిగారో, ఆ అమ్మాయి భర్తట. అలిగి వెళ్లిపోయిందట. బతిమాలి తీసుకొచ్చుకుంటాడట పాపం. చీటీ రాసిచ్చాను. ఒక కాపురం నిలబెట్టినవాళ్లమవుతాం."

ఆ మధ్యాహ్నమంతా అసిస్టెంట్‌కు ఏ కాగితం పట్టుకున్నా అక్షరాలు కంటికి ఆనలేదు.

సెక్షన్ మూసే వేళకు ఆ మనిషి మళ్లీ వచ్చాడు. కన్నీళ్లు ఎటుపోయాయో, చీటీని ఉండచుట్టి కౌంటర్ మీదికి విసిరాడు.

"పోయిన వారమే ఖాళీ చేసి పారిపోయింది. నేనొస్తానని దానికి ముందే ఎవరు ఉప్పందించారు? మీరేనా?"

"మేమెందుకు చెప్తాం బాబూ? ఆ అమ్మాయి మొహమైనా ఎరగం," మేడం గొంతు తడబడింది.

"నా దగ్గరా నాటకాలు? ఇదిగో దాని మొహం, చూసి చెప్పండి."

ఫోన్లో ఫోటో తీసి వాళ్ల ముందుకు తోశాడు.

మేడం కళ్లజోడు సర్దుకుని చూసింది. చూసిన కళ్లు తిప్పుకోలేకపోయింది.

అసిస్టెంట్ కూడా వంగి చూశాడు.

అప్పట్లో జడ పొడుగ్గా ఉంది, బుగ్గలు నిండుగా ఉన్నాయి. కానీ ఆ ఫోటోలో ఉన్నది, తన ఇంటి జాడ ఇక్కడ ఎంత భద్రంగా ఉందో పరాయిదానిలా వచ్చి చూసుకుని వెళ్లినావిడే.