కలుపులో దొరికిన కంచు

పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో పనిచేసే శాంతికుమార్ ఎనిమిదేళ్లు పట్నం అంగళ్లు తిరిగి పదిహేడు రోము కంచు నాణేలు కూడబెట్టాడు.

రెండు వేల ఆరులో చర్చి వార్షికోత్సవానికి వాటిని గాజు పెట్టెలో పేర్చి, ఒక్కోదాని కింద చక్రవర్తి పేరు రాసిపెట్టాడు.

చూసినవాళ్లంతా మెచ్చుకుని భోజనాలకు వెళ్లిపోయారు. వంటగిన్నెలకు మాట్లు వేయడానికి వచ్చిన ముసలాయన మాత్రం కదల్లేదు.

పదహారింటిని చూస్తూ ముసిముసిగా నవ్వుకున్నాడు. చివరిదాని దగ్గర నవ్వు ఆపి, వంగి చూశాడు.

అది చొక్కా గుండీ అంత కూడా లేదు. నేలకొండపల్లిలో మిరపచేను కలుపు తీస్తుంటే తల్లి జోజమ్మకు దొరికింది. చిలుము పట్టి బొమ్మే ఆనదు. దాని కింద పేరు కూడా లేదు. అమ్మ చిన్నబుచ్చుకుంటుందని పెట్టాడంతే.

"సార్, గిదొక్కటి పైలంగ దాచుకో" అన్నాడు ముసలాయన.

"మిగతావో?"

"అవి గూడ మంచిగనే ఉన్నయ్."

మాట్లు వేసేవాడికి నాణేల సంగతేం తెలుసులే అనుకుని శాంతికుమార్ పెట్టె మూసేశాడు. పేరైనా అడగలేదు.

ఆరు నెలలకు, పాత నాణేలు చదవగల రాజ్యశ్రీ మేడమ్ నేలకొండపల్లి స్తూపం చూడ్డానికి వచ్చారని తెలిసి, పెట్టె పట్టుకుని పరుగెత్తాడు.

ఆమె భూతద్దంతో అంచులు చూశారు. పదహారూ ఈమధ్య మూసలో పోసినవేనని, రోమువాళ్లు ముద్ర కొట్టేవాళ్లని చెప్పారు.



ఆమె చిన్న నాణేన్ని వెలుతురుకు తిప్పారు.

"గుర్రం మీంచి పడిపోతున్న మనిషి, ఈటెతో పొడుస్తున్న సైనికుడు. పదహారు వందల ఏళ్ల నాటి అసలు రోము కంచు ఇది. ఎవరికి దొరికిందండీ?"

"మా అమ్మకు" అన్నాడు. కళ్లు నీళ్లతో మెరిశాయి.

ఆ సాయంత్రం జోజమ్మ వాడకట్టు మొత్తానికీ సేమ్యా పాయసం పంచింది. ప్రతి ఇంట్లోనూ కలుపు కథ మొదటినుంచీ చెప్పింది.

మర్నాడు శాంతికుమార్ చర్చి వంటవాళ్లను అడిగి, ముసలాయన పేరు మంగీలాల్ అని తెలుసుకుని, మిఠాయి పొట్లం, నాణేల పెట్టె పట్టుకుని తండాకు వెళ్లాడు.

బాపు వానలకు ముందే పోయిండని కూతురు చాంది చెప్పింది.

ఆయన మాటే నిజమైందని చెప్పబోతూ శాంతికుమార్ పెట్టె తెరిచాడు.

చాంది ముఖం వెలిగిపోయింది. నాణేలను ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"అవ్ సార్, బిళ్లల దండలకని చెప్పి పట్నం సేటు పోయించుకపోయిండు, ఈ పదహారు మా బాపు చేతి పనే."