నెలిదా పెట్టిన సంతకం

"నీ వంతు రాలేదు, వెనక్కి వెళ్లమ్మా" అంది నెలిదా తలెత్తకుండా.

"నాకు డాక్టర్ని చూసే చీటీ వద్దు. రోజుకు ఎన్ని ఇస్తారో తెలుసుకుందామని" అంది ఆసుపత్రి కిటికీ అవతలి ఆవిడ.

వానకు తడిసిన ఫెల్టు టోపీ, చేతిలో నోటుపుస్తకం.

"లెక్కలు నేర్చుకోవాలంటే బడికి పో."

వరసలో నలుగురు నవ్వారు. ఆవిడ కోప్పడలేదు. పోయి పక్క బల్ల మీద కూర్చుంది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

నాలుగోరోజు డైరెక్టరు సల్దివార్ నెలిదాను తన గదిలోకి పిలిచాడు. ఆవిడ పేరు హెర్మెలిందా అనీ, సర్కారు ఆఫీసుల మీద జనం చేసే ఫిర్యాదుల్ని విచారించే అధికారి అనీ, మంత్రుల మాట కూడా ఆవిడ దగ్గర చెల్లదనీ చెప్పాడు. కిందటి నెలలో చీటీ దొరక్క వెనుదిరిగిన ఒక గర్భిణి కొండదారిలోనే కనింది. బిడ్డ దక్కలేదు. విచారణ దాని మీదే.

"రిపోర్టులో ఎవరో ఒకరి పేరు రాక తప్పదు. కిటికీ దగ్గర ఉన్నది నువ్వు" అన్నాడు.

నెలిదాకు ఇల్లు గుర్తొచ్చింది. గని మూతపడి మొగుడు ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరు పిల్లలు.

డైరెక్టరు టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు తోశాడు. ఆ అధికారి నెలిదాను నానా బూతులూ తిట్టిందనీ, రిజిస్టరు లాక్కుందనీ అందులో ఉంది. ఒక్క ముక్క నిజం లేదు.

నెలిదా సంతకం పెట్టేసింది.

వారానికి హెర్మెలిందా పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి, ఆసుపత్రి హాల్లో అందరి ముందూ ఆ కాగితం చదివారు.

హెర్మెలిందా నెలిదా వైపు తిరిగింది.

"నేను తిట్టానా అమ్మా?"

"తిట్టారు" అంది నెలిదా, నేలచూపులు చూస్తూ.

హెర్మెలిందా టోపీ సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నెలాఖరుకు ఆవిడను ఎక్కడో అడవుల్లోకి బదిలీ చేశారని తెలిసింది.

పీడ విరగడైందన్నాడు డైరెక్టరు. ఆ పూట నెలిదా తన బంగాళాదుంపల పులుసు పిల్లల గిన్నెల్లో పోసేసింది.

నెలన్నరకు రిపోర్టు వచ్చింది. హాల్లో గోడకు అంటించారు. నెలిదా జనాన్ని తోసుకుంటూ పోయి తన పేరు వెతుక్కుంది.

ఉంది.

'ముగ్గురి పని మూడేళ్లుగా నెలిదా ఒక్కతే చేస్తోంది. నేను చూసిన మూడు రోజులూ మధ్యాహ్నం దాకా ఆమె మంచినీళ్లకైనా లేవలేదు. నలభై చీటీలకు మించి ఇవ్వొద్దన్నది డైరెక్టరు ఉత్తర్వు. బిడ్డ చావుకు ఆమె బాధ్యురాలు కాదు. ఆమె మీద ఏ చర్యా తీసుకోరాదు. వెంటనే ఇద్దరు సహాయకులను వేయాలి.'

నెలిదా ముఖం సిగ్గుతో మండిపోయింది.

ఆ కాగితం సంగతి తెలియకముందే రాసుంటుంది, తెలిస్తే ఇలా రాసేదా అనుకుంది. అలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడింది.

చివరి పేజీలో హెర్మెలిందా సంతకం కింద తేదీ ఉంది.

అది, హాల్లో అందరి ముందూ నెలిదా "తిట్టారు" అన్న రోజుకు మర్నాడు.