చెరుకు లారీ అవతల

తెల్ల పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని ప్రియదర్శిని చర్చి మెట్ల మీద నిలబడి ఉంది.

లోపల పాటలు అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి పాడుతున్నారు.

"యాడున్నవ్ బావా?"

"కోహీర్ చౌరస్తా దాటినంక ఆగిపోయినం. ముందల చెరుకు లారీ పల్టీ కొట్టిందంట. ముందుకు పోరాదు, ఎన్కకు రారాదు."

వెస్లీ ఆమె మేనమామ కొడుకు. దుబాయిలో ఏసీలు బిగించే పని. సెలవు దొరకక ఈ పెళ్లి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి వారం రోజులు ఇచ్చారు.

దుబాయి నుంచి హైదరాబాద్‌కు రెండున్నర వేల కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటలు కూడా పట్టలేదు. తెల్లవారకముందే దిగి, కారెక్కాడు.

"సముద్రం దాటొచ్చిన, చెరుకు దాటలేకపోతున్న" అన్నాడు.

పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. మధ్యాహ్నం రాయికోడ్‌లో ఆయన ఇంకో పెళ్లి చేయాలి.

"ఈసారి గూడ కాదేమో" అన్నారెవరో వెనక వరసలోంచి.

ప్రియదర్శిని తిన్నగా తండ్రి ఇస్సాకు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"నాయినా, ట్రాక్టర్ తాళం ఇయ్యి."

"పిచ్చి గిట్ల లేసిందా? పెండ్లిపిల్లవు! నేను పోత."

"నువ్వు పోతే పాస్టరు అయ్యగారిని ఎవరు ఆపాలె?"

ఇంటర్ చదివే రోజుల నుంచి ఆ ట్రాక్టరు మీద చెరుకు తోలింది ఆమే. ఇస్సాకు భార్య వైపు చూశాడు.

బస్వమ్మ వంగి, కూతురి కొంగు తీసి నడుముకు బిగించి దోపింది.

"పో బిడ్డా. పాటలు మేం పాడుతుంటం."

ట్రాక్టరు రోడ్డు వదిలి అల్లం చేల నడుమ బండ్ల బాట పట్టింది. ముసుగు ఎగిరి కంది కొమ్మలకు తట్టుకుంటుంటే, తీసి ఒళ్లో పెట్టుకుంది.

అల్లం తవ్వుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఓ పెండ్లిపిల్లా, యాడికే?"

"పెండ్లికొడుకును తేనీకి!"

చేనంతా నవ్వింది.

రోడ్డు మీద లారీలు, బస్సులు కదలకుండా నిలబడి ఉన్నాయి. కారు వదిలేసి, వాటి సందుల్లోంచి కోటు వేసుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచొస్తున్నాడు వెస్లీ.

ఆమెను చూసి ఆగిపోయాడు. పెట్టె దించడం కూడా మరిచిపోయాడు.

బస్సు కిటికీల్లోంచి ఎవరో ఈల వేశారు. ఆ వెంటనే చప్పట్లు మొదలయ్యాయి.

"ఎక్కు బావా."

మడ్‌గార్డు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. రెండేళ్లుగా ఫోనులో ఎన్నో మాటలు చెప్పినవాడు, ఇప్పుడు ఆమె చీరకంటిన దుమ్మునే చూస్తున్నాడు.

తలెత్తి అడిగాడు.

"ఇంక ఎంత దూరం?"

"గదే, కనబడుతలేదా?"

చెట్ల పైన చర్చి శిలువ కనిపించింది. పాట కూడా సన్నగా వినిపిస్తోంది.

ఆమె గేరు తగ్గించి, ట్రాక్టరును మెల్లగా పోనిచ్చింది.