ఓడినవాడి భుజం

“ఒక్కనివే వచ్చినవేంది? ఏడి మీ బొగ్గుబాయి దొర?” అంది కనకవ్వ.

“ఇంట్ల పండుకున్నడు. లేపితే లేస్తలేడు,” అన్నాడు అంబదాస్.

కనకవ్వ నవ్వింది. ఈసారి ఓడిపోతామని భూమన్నకు భయం పట్టుకుందేమోనని, ఇన్నేళ్లు తన కల్లు దుకాణంలో కూర్చుని కోసిన కోతలన్నీ ఇవాళ మిల్లువాళ్లు కక్కిస్తారని ముంత నింపుతూ అంది. అంబదాస్ తాటాకు పందిరి కింద ఎప్పుడూ కూర్చునే మొద్దు మీద కూర్చున్నాడు. పక్క మొద్దు మీద కూర్చోబోయిన ఒకతన్ని చేత్తో వారించాడు.

జిన్నింగు మిల్లు జట్టుకూ, బెల్లంపల్లి నుంచి లారీలో వచ్చే బొగ్గుబాయి జట్టుకూ ఏటా ఆదిలాబాద్‌లో ఫుట్‌బాల్ పోటీ. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు మొదలైంది. అంబదాస్, భూమన్న ఇద్దరూ మిల్లులో పత్తి బేళ్లు కట్టేవాళ్లే. కాని భూమన్న వయసులో ఉన్నప్పుడు బాయిలో బొగ్గు తవ్వి, ఛాతీ చెడి ఇటు వచ్చినవాడు. మిల్లు జీతం తింటూ బాయి జట్టుకు జై కొట్టే మనిషి ఊరు మొత్తానికి అతనొక్కడే.

ఆటరోజున ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం కనకవ్వ దగ్గర ఒకే ముంతలోంచి తాగాలి. ఒకే ఆకులో ఉడకబెట్టిన శనగ గుడాలు తినాలి. సగం ముంత మిగల్చాలి. ఆట అయ్యాక ఓడినవాడు గెలిచినవాణ్ని భుజాలమీద ఎక్కించుకుని గ్రౌండు నుంచి దుకాణం దాకా మోయాలి. మిగిలిన కల్లు గెలిచినవాడిది.

బాయి జట్టు ఒక్కసారి కూడా ఓడలేదు. ప్రతి ఏడూ అంబదాసే మోసేవాడు. భూమన్న పైన కూర్చుని సడక్ పొడుగునా సలాములు పుచ్చుకునేవాడు. మెల్లగా నడవరా, నా కల్లు మత్తు దిగుతుందని మొట్టికాయలు వేసేవాడు. కిందటేడు మోసినప్పుడు గడ్డిమోపు కంటే తేలికగా ఉన్నాడు.

“ఒక్కపారన్న నేను నీ మీదెక్కాలె, భూమన్నా,” అన్నాడు ఆరోజు అంబదాస్.

“మీ టీం గెల్వాలె గదరా. గందాక నన్ను మోసుడు నీ నౌకరి.”

నిన్న పొద్దుగూకే వేళ దగ్గు తెరలమధ్య భూమన్న మాట తీసుకున్నాడు. “రేపు నేను రాలేనురా. నువ్వు చూసి రా. ఎవలు గెల్సిన్రో ఇంటికొచ్చి నువ్వే చెప్పాలె.”

పొద్దున అంబదాస్ వెళ్లనని మొండికేస్తే, భూమన్న భార్య దేవవ్వే పంపించింది. “మాటిచ్చినవ్, పో తమ్మీ. లస్మి బస్సు ఆసిఫాబాద్ నుంచి సందెకు గాని రాదు. బిడ్డ వచ్చేదాక ఎట్లయినా ఇంట్లనే ఉంటం.”

అందుకే ఒంటరిగా వచ్చాడు. సగం ముంత తాగి, మిగతా సగం తిరిగొచ్చేదాకా పక్కన పెట్టమని కనకవ్వకిచ్చి గ్రౌండుకు నడిచాడు.

మిల్లు జట్టు ఈ ఏడు గట్టిగా ఉంది. అంబదాస్ బాయివాళ్ల గోలు వెనక నిలబడ్డాడు. ఆట సాగినంతసేపూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఎవరికి మొక్కుతున్నావని పక్కనున్న బాలమల్లు అడిగినా బాలు మీంచి చూపు తిప్పలేదు. బాలమల్లు అతనితోపాటు బేళ్లు కట్టే కుర్రాడు. ఆట ముగియబోతుండగా మిల్లు కుర్రాడొకడు బాలు తన్నుకుంటూ ఒంటరిగా దూసుకొచ్చాడు.

“పట్టుకో!” అని అరిచాడు అంబదాస్, బాయి జట్టు గోల్‌కీపర్‌ను చూసి.

బాలమల్లు అతనివైపు వింతగా చూశాడు. “నువ్వు ఏ టీమే, అన్నా?”

గోల్‌కీపర్ చేతికింది నుంచి బాలు లోపలికి పోయింది. విజిల్ పడింది. జనం గ్రౌండులోకి విరుచుకుపడ్డారు. బాలమల్లు అంబదాస్‌ను వాటేసుకుని, ఇన్నేళ్ల బాకీ తీరిందన్నాడు. ఇవాళ భూమన్నను మంచం మీంచి లాక్కొచ్చయినా నిన్ను మోయిస్తామన్నాడు. అంబదాస్ భుజాన ఉన్న తువ్వాలులో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. సంతోషానికి మనిషి ఇంతలా ఏడుస్తాడని బాలమల్లుకు అప్పుడే తెలిసింది.

కనకవ్వ సగం ముంత అందిస్తూ, “ఇయ్యాల ఇది నీదే,” అంది.

“కాదవ్వా. భూమన్నదే,” అని అది పట్టుకుని నడిచాడు.

అతను భూమన్న ఇల్లు చేరేసరికి లస్మి వచ్చేసింది. వాకిట్లో ఉన్నవాళ్లు అతనికి దారి ఇచ్చారు. అంబదాస్ ముంతను భూమన్న తలాపున పెట్టి, చెవి దగ్గరికి వంగాడు.

“మీ టీమే గెల్సిందన్నా. మాది గీసారి గూడ ఓడింది. నేనే మొయ్యాలె.”

సరిగ్గా అప్పుడే వీధిలో డప్పులు మోగాయి. మిల్లు జట్టుకు జై కొడుతూ గుంపు సాగిపోతోంది. ఆ కేకలు ఇంట్లో అందరికీ వినబడ్డాయి. దేవవ్వ తలెత్తి అంబదాస్ ముఖంలోకి చూసింది. అతను కళ్లు దించుకున్నాడు.

“మొయ్యి, తమ్మీ,” అంది మెల్లగా.

అంబదాస్ తువ్వాలు మడిచి కుడిభుజం మీద వేసుకున్నాడు.

మరో ముగ్గురు అతనితో పాటు పాడె లేపారు.